కుట్లు మానిన తర్వాత

వెల్గటూర్ చౌరస్తాలో నిలబడ్డాం. కరీంనగర్ బస్సు రాయపట్నం బ్రిడ్జి దాటి రావాలి. తెల్లారినప్పటి నుంచి ముసురు వదలలేదు. రోడ్డు కింద పొలంలో ఆడవాళ్లు కొంగులు బిగించి నాట్లు వేస్తున్నారు. చిన్నమ్మ చూపంతా అటే ఉంది.

"మన నారు ముదురుతుంది బిడ్డా. ఈ వారం పోకుంటే ఏమైతది? వచ్చే నెల పోదాం."

ఆమె ముఖం చూస్తే అడిగింది న్యాయమే అనిపిస్తుంది. కుడి రొమ్ము తీసేసి ఐదు వారాలైంది. కుట్లు మానాయి. చంక కింది నుంచి వేలాడిన ట్యూబూ, అందులో చేరిన నీటిని రోజూ కొలిచి కాగితం మీద రాసుకోవడం అయిపోయాయి. ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. వాడకట్టులో కనిపించిన ప్రతి మనిషీ ఒకటే మాట. "గడ్డ తీసేసిన్రు గద, ఇంకేం దవాఖాన?" ఒకామె మరీ దగ్గరికి వచ్చి, ఆ సూదులు పెట్టించుకుంటే ఉన్న సత్తువ గూడ పోతదని చెవిలో చెప్పి వెళ్లింది.

క్యాన్సర్ వైద్యం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టే ఘడియ ఇదే. ఆపరేషన్ బల్ల మీద ఆమెకు మత్తు ఇచ్చారు, పని డాక్టర్లు చేశారు. ఇప్పుడలా కాదు. నొప్పి లేని రోజున, ఒంట్లో బాగున్న రోజున, తన కాళ్లతో తానే నడిచి వెళ్లి చెయ్యి చాపాలి. నారు ముదురుతోందనో, పెండ్లి ఉందనో, దసరా దాటనిమ్మనో ఇక్కడ ఆగిపోయినవాళ్లు ఎందరో. ఆపరేషన్ తర్వాత కీమో మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెడతారు. మూడు నెలలు దాటితే బతికే అవకాశం తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు చెప్పాయి. చౌరస్తాలో ఇవన్నీ చెప్పలేదు. బస్సు వచ్చింది, సంచి అందుకున్నాను, చిన్నమ్మ ఎక్కింది.

కండక్టర్ ఆధార్ చూసి రెండు జీరో టికెట్లు కొట్టాడు. ధర్మారం, చొప్పదండి, కరీంనగర్. అక్కడ జేబీఎస్ ఎక్స్‌ప్రెస్. సిద్దిపేట దాటేదాకా చిన్నమ్మ కుడి చేతిని ఒళ్లో దిండు మీద పెట్టుకునే కూర్చుంది. చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేతిలోని నీరు వెనక్కి మళ్లే దారులు కొన్ని పోయాయి. గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయమన్నారు. చేస్తోంది. పై చేయి లోపలి వైపు మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉంది, గిల్లినా తెలియడం లేదంటుంది. రాత్రికి హైదరాబాద్‌లో మా అన్న గదికి చేరాం.

పొద్దున ఎనిమిది కాకముందే రెడ్‌హిల్స్. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలు ఒకదాని వెనుక ఒకటి ఆగుతున్నాయి. టిఫిన్ డబ్బాలు, చాపలు, ఎక్స్‌రే కవర్లు, ముక్కుకు పైపు పెట్టుకుని మెల్లగా నడుస్తున్న ఒక పెద్దాయన. 1955లో మొదలై, మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నడుస్తున్న దవాఖాన ఇది. ఆయన హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా ఉన్నాడు, తర్వాత గుజరాత్ మొదటి గవర్నరయ్యాడు. బంజారాహిల్స్‌లో మొదట ఇల్లు కట్టుకున్నదీ ఆయనే అంటారు. ఇక్కడి బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఆయనెవరో అక్కర్లేదు. ఆదిలాబాద్ యాస, పాలమూరు యాస, నాందేడ్ నుంచి వచ్చినవాళ్ల మరాఠీ అన్నీ ఒకే వరుసలో వినిపిస్తున్నాయి. అందరి చేతుల్లో ఒకే రకం ఫైలు.

డాక్టరమ్మ చిన్నది, ముప్పై దాటి ఉంటుందేమో. పాథాలజీ రిపోర్ట్ తీసి వేలు పెట్టి చదివింది. గడ్డ సైజు, అంచుల్లో జబ్బు లేదు, చంకలో తీసిన 14 గ్రంథుల్లో రెండింటిలో ఉంది. ఈఆర్ పాజిటివ్. హెర్-టు నెగెటివ్.

చిన్నమ్మ ఊరుకోలేదు. "గడ్డ తీసేసిన్రు గద మేడం. అంచులు గూడ మంచిగున్నయంటున్రు. మళ్ల మందెందుకు?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "రెండు గ్రంథుల దాకా పాకింది కదమ్మా. అక్కడిదాకా వచ్చిన కణాలు రక్తంలో కూడా ఒకటీ అరా తప్పించుకుపోయి ఉండొచ్చు. స్కానింగ్‌లో కనబడవు. కత్తికి దొరకవు. మందైతేనే ఒళ్లంతా తిరిగి వాటిని పట్టుకుంటుంది."

చిన్నమ్మ కొంతసేపు ఆలోచించింది. "తుంగ లెక్క అన్నట్టు. పైకెల్లి పీకుతం. మన్నుల గడ్డ ఉంటనే ఉంటది, వానకు మళ్ల లేస్తది."

"అంతే" అంది డాక్టరమ్మ. ఆ తర్వాత చిన్నమ్మ వైద్యం ఎందుకని అడగలేదు. ఎంత కాలం, ఎన్నిసార్లు, ఎట్లా అనే అడిగింది.

లెక్క ఇదీ. ఇరవై ఒక్క రోజులకోసారి నాలుగు కీమోలు, రెండు మందులు కలిపి. తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో మందు. అది అయ్యాక మనవాళ్లు కరెంటు పెట్టుడు అనే రేడియేషన్, పదిహేను సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు రోజూ ఒక గోలీ. ఈఆర్ పాజిటివ్ అన్న ముక్క ఆ గోలీకి సంబంధించిందే. జబ్బు ఒంట్లోని ఈస్ట్రోజెన్ తిని పెరిగే రకం కాబట్టి, దానికి ఆ తిండి అందకుండా చూసే మాత్ర పనిచేస్తుంది.

డాక్టరమ్మ చిన్నమ్మ కుడి చేతి వేళ్లు తిప్పి చూసింది. బొటనవేలి పక్కన సన్నని గాట్లు, పాతవీ కొత్తవీ. "ఏం పని చేస్తావమ్మా?"

"బీడీలు చేస్త."

మా దిక్కున ఇది చెప్పుకోవాల్సిన పని కూడా కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో మధ్యాహ్నం ఏ అరుగు చూసినా ఒళ్లో చాటలు పెట్టుకుని ఆడవాళ్లు కనిపిస్తారు. తడిపిన తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో కొలత ప్రకారం కత్తిరిస్తారు. తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మొన ముడుస్తారు. వెయ్యి బీడీలు అయ్యేసరికి కత్తెర ఎన్నిసార్లు వేలికి తగులుతుందో ఎవరూ లెక్కపెట్టరు. ఈ కుడి చేతికి మాత్రం ఇక లెక్క ఉంది. గ్రంథులు తీసిన చేతికి చిన్న గాటు పడి చీము పడితే చెయ్యంతా వాచిపోతుంది, ఆ వాపు తిరిగి పూర్తిగా తగ్గకపోవచ్చు. సూది, బీపీ పట్టీ ఏదైనా ఎడమ చేతికే. కత్తెర వద్దు, కీమో అయ్యేదాకా బీడీ పనే వద్దని డాక్టరమ్మ రాసింది. చిన్నమ్మ తలూపింది. నెలకు 2016 రూపాయల బీడీ పింఛను వస్తుంది, దుబాయి నుంచి చిన్నాయన పంపేది వస్తుంది. అవి లేనివాళ్లకు ఈ ఒక్క వాక్యం ఎంత బరువో ఆ గదిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఎత్తు, బరువు చూశారు. ఆ రెండింటి నుంచి ఒంటి వైశాల్యం లెక్కకట్టి దాని ప్రకారం మందు మోతాదు వేస్తారు, అందుకే ప్రతిసారీ బరువు చూస్తారు. రక్త పరీక్ష, గుండెకు టూడీ ఎకో ముందే అయ్యాయి. ఇచ్చే మందుల్లో ఒకటి గుండె కండరాన్ని దెబ్బతీయగలదు, అందుకని ఎకో చూడకుండా మొదలుపెట్టరు. ఆరోగ్యమిత్ర దగ్గర రేషన్ కార్డు చూపించి, ఫొటో దిగి, సంతకం పెట్టాం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి తెలంగాణలో 10 లక్షల రూపాయల పరిమితి వచ్చింది 2023 డిసెంబర్ 9న. ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైందీ ఆ రోజే. వెల్గటూర్ నుంచి ఒక బీడీ కార్మికురాలు ఇరవై ఒక్క రోజులకోసారి హైదరాబాద్ వచ్చి కీమో ఎక్కించుకుపోవాలంటే ఆ రెండూ కావాలి. మందు ఉచితమైనా దారి ఖర్చుకు భయపడి ఆగిపోయిన కుటుంబాలను నేను చూశాను.

పదకొండు దాటాక డే కేర్ హాల్లోకి పిలిచారు.

వరుసగా మంచాలు, కుర్చీలు, ప్రతిదాని పక్కన సెలైన్ స్టాండు. అక్కడి నిశ్శబ్దం ఐసీయూ నిశ్శబ్దం కాదు. ఒకామె చక్కెర లేని చాయ్ గురించి గొణుగుతోంది, ఒక పిల్లాడు తల్లి ఫోన్లో బొమ్మలు చూస్తున్నాడు, ఇద్దరు ముసలాయనలు వరి ధర గురించి వాదించుకుంటున్నారు. సగం మంది తలల మీద చున్నీలు, మంకీ క్యాపులు. చిన్నమ్మ వాటినే చూస్తూ, జడను వెనక నుంచి ముందుకు తెచ్చుకుంది.

సిస్టర్ ఎడమ చేతికి పట్టీ బిగించి, మణికట్టు పైన రెండు వేళ్లతో తట్టింది. నరం దొరకలేదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఆగింది. ఈసారి నీలంగా లేచింది. సూది గుచ్చగానే క్యాన్యులా వెనకభాగంలో రక్తపు బొట్టు కనబడింది. సూదిని వెనక్కి లాగి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం లోపలికి తోసింది. సెలైన్ వదిలి, చుట్టుపక్కల వాపు వస్తుందేమోనని బొటనవేలితో నొక్కి చూసింది. టేపు వేసి, మళ్లీ చూసింది. ఈ రెండోసారి చూడటం అలవాటు కొద్దీ చేసింది కాదు. తర్వాత వచ్చే మందు నరం దాటి బయటికి కారితే అక్కడి చర్మం, కండ మాడిపోతాయి.

ముందు వాంతుల సూది, స్టెరాయిడ్. అరగంట. అప్పుడు ఎర్ర మందు తెచ్చారు.

డాక్సోరూబిసిన్. పెద్ద సిరంజిలో దానిమ్మ రసం రంగులో ఉంది. సిస్టర్ స్టూలు జరుపుకుని చిన్నమ్మ పక్కనే కూర్చుంది. ఈ మందును వేలాడదీసి వెళ్లిపోరు. సెలైన్ పారుతుండగానే, పక్కనున్న ముక్కుకు సిరంజి తగిలించి, కొద్దికొద్దిగా తోస్తారు. గొట్టంలో తెల్లటి నీళ్లలోకి ఎర్రటి తీగ దిగింది. అంగుళం అంగుళం చేతి వైపు జరిగింది. సిస్టర్ ఆగి, సిరంజిని కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తోందో లేదో చూసుకుని, మళ్లీ తోసింది.

"మంట ఉందా అమ్మా?"

"లేదు."

"కొంచెమున్నా చెప్పాలి. ఓర్చుకోవద్దు."

ఓర్చుకోవద్దని చిన్నమ్మకు ఎవరైనా చెప్పడం ఆమె జన్మలో అదే మొదటిసారేమో. వింతగా చూసింది సిస్టర్ వైపు.

ఆ ఎర్ర రంగు ఇటలీ మట్టి నుంచి వచ్చింది. ఏడ్రియాటిక్ సముద్రపు దిక్కున కాస్టెల్ డెల్ మాంటే అనే పదమూడో శతాబ్దపు కోట ఉంది. దాని దగ్గర తీసిన మన్నులో దొరికిన సూక్ష్మజీవి ఎర్రటి పదార్థం ఒకటి తయారు చేస్తుందని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ వరుసలోనే ఈ మందు పుట్టింది. సముద్రం పేరు మీద దీన్ని ఏడ్రియామైసిన్ అనీ అంటారు.

ఆపరేషన్ అయ్యాక మందు ఇవ్వాలన్న ఆలోచన కూడా ఇటలీలోనే గట్టిపడింది. అంతకుముందు దశాబ్దాల పాటు సర్జన్ల నమ్మకం ఒక్కటే, ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదని. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేసేవాళ్లు. అయినా జబ్బు తిరిగొచ్చేది. మిలాన్‌లో జియాని బొనడొన్నా అనే డాక్టరు, గ్రంథులకు పాకిన దశలో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లను, అంటే సరిగ్గా మా చిన్నమ్మ లాంటివాళ్లను, రెండు గుంపులుగా చూశాడు. 1976లో ఫలితం అచ్చయింది. మందు తీసుకోని 179 మందిలో అప్పటికి 24 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తీసుకున్న 207 మందిలో 5.3 శాతం మందికి. వాళ్లకు ఇచ్చిన మూడు మందుల మిశ్రమాన్ని సీఎంఎఫ్ అన్నారు.

అందులో ఎం అంటే మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం పని ఫలితం అది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఆయన 1948లోనే పోయాడు. ఆపరేషన్ తర్వాత ఆడవాళ్ల ప్రాణం కాపాడే మొదటి మిశ్రమంలో తన మందు ఒకటవుతుందని ఆయనకు తెలియదు. ఇప్పుడు చిన్నమ్మకు ఎక్కిస్తున్నది ఆ మిశ్రమం కాదు, దాని తర్వాతి తరం. దానిలోని సైక్లోఫాస్ఫమైడ్ మాత్రం ఇందులోనూ ఉంది, ఎర్ర మందు అయ్యాక బాటిల్లో ఎక్కిస్తారు. ఈ హాల్లోని ముప్పై నలభై మందికీ సుబ్బారావు సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు. తెలుగు బడిలో ఆయన పాఠం చదివినవాళ్లం కూడా, ఆ పాఠానికీ ఈ సెలైన్ స్టాండుకూ మధ్య ఉన్న దారి తెలుసుకోకుండానే పెద్దవాళ్లమయ్యాం.

ఎర్ర సిరంజి ఖాళీ అయింది. చిన్నాయన వీడియో కాల్ చేశాడు. అక్కడింకా పొద్దుటి పూటే, సైట్ మీద హెల్మెట్ తీయకుండానే మాట్లాడుతున్నాడు. "నొస్తుందా?" అని అడిగాడు. చిన్నమ్మ ఫోను స్టాండు వైపు తిప్పి బాటిల్ చూపించింది. "గిది ఎక్కుతుంది. నువ్వు తిన్నవా?" ఆయన తిన్నానన్నాడు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఎవరో ఆయన్ను హిందీలో పిలిచారు, పెట్టేశాడు.

బాటిల్ సగమయ్యాక చిన్నమ్మ ముక్కు నలిపింది. లోపల గుచ్చినట్టుందంది. ఆ మందు వేగంగా ఎక్కితే అలా ఉంటుందని సిస్టర్ చుక్కలు తగ్గించింది, తగ్గింది. మూడుంపావుకు అయిపోయింది.

వెళ్లే ముందు సిస్టర్ చెప్పినవి ఆమె మాటల్లోనే రాస్తున్నాను, ఎందుకంటే చదివేవాళ్లలో ఎవరికో ఇవి రేపే కావాలి. "ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు. నీళ్లు బాగా తాగాలి. రెండో వారంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే ఇంట్లో గోలీ వేసుకుని పడుకోవద్దు. థర్మామీటర్ కొనుక్కోండి. 100.4 దాటిందంటే రాత్రైనా పగలైనా పెద్దాసుపత్రికి పోవాలి, కీమో నడుస్తోందని గేటు దగ్గరే చెప్పాలి. వండింది వేడిగా తినాలి. పచ్చివి, నిన్నటివి వద్దు. వెంట్రుకలు రెండు మూడు వారాల్లో ఊడతాయి. తిరిగి వస్తాయి."

చిన్నమ్మ మనసులో ఉన్నది అప్పుడు బయటపడింది. "బతుకమ్మకు గుండుతోని ఎట్ల ఆడాలె మేడం?" బతుకమ్మ మూడో కీమోకూ నాలుగో కీమోకూ మధ్య పడుతుంది, ఆమె అప్పటికే లెక్క చూసుకుంది. సిస్టర్ ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా తానే అంది. "ఊడి దిండు మీద పడుడెందుకు? ముందే ఏములాడ రాజన్నకు ఇచ్చొస్త."

"ఇవ్వమ్మా, మంచిదే. కానీ రెండో వారంలో గుడి రద్దీకి పోవద్దు. ఈ నాలుగైదు రోజుల్లోనే పోయి రా. మంగలి కత్తి వద్దు, మిషన్‌తో తీయించుకో. తల మీద గాటు పడకూడదు."

మొక్కు తీర్చే చోట మిషన్ పెట్టమని అడగొచ్చా లేదా అన్న దాని మీద ఆ ఇద్దరి మధ్యా చాలాసేపు చర్చ నడిచింది. చివరికి, ఇంట్లోనే మిషన్‌తో తీయించి వెంట్రుకలు మూటగట్టి హుండీలో వేయాలని తేలింది. రాజన్న కాదనడని చిన్నమ్మ తేల్చేసింది.

తిరుగు ప్రయాణంలో నా ఒళ్లో థర్మాకోల్ డబ్బా. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ అందులో ఐస్ ప్యాకుల మధ్య ఉంది. కీమో అయిన 24 గంటలు దాటాకే వేయాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ప్రజ్ఞాపూర్ దగ్గర పక్క సీటు ఆమె "చేపలా?" అని అడిగింది. "సూది" అంది చిన్నమ్మ, ఏం సూదో, ఎందుకో పూసగుచ్చినట్టు చెప్పింది. నిన్న చౌరస్తాలో వచ్చే నెల పోదామన్న మనిషి ఈమేనా అనిపించింది. ఇంటికి చేరేసరికి పదకొండైంది. డబ్బాలోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాం, పై డీప్ ఫ్రీజర్లో కాదు.

తెల్లవారి ఒకసారి వాంతైంది. అన్నం వాసన పడలేదు. మక్క గట్క కొంచెం, మీద పలుచటి మజ్జిగ తాగింది, అది నిలిచింది. మూత్రం ఎర్రగానే వచ్చిందని వచ్చి చెప్పింది, సిస్టర్ చెప్పినట్టే అయినందుకు ధైర్యంగా.

నాలుగు గంటలకు పీహెచ్‌సీకి నడిచాం. అక్కడి సిస్టర్ మా ఊరి కోడలే. ఇంజెక్షన్ మీది పేరు, తారీఖు చదివి, కీమో ఎన్నింటికి అయిందని అడిగింది. 24 గంటలు దాటాయని లెక్క చూసుకుంది. దూది తడుపుతుంటే చేతికనుకుని చిన్నమ్మ అడ్డం చెప్పింది. "కుడి చెయ్యి ముట్టద్దు. బీపీ గూడ ఎడమకే."

"తెలుసు వదినా. ఇది పొట్టకే వేస్త" అంది సిస్టర్. బొడ్డు పక్కన చర్మం చిటికెడు పట్టుకుని సన్న సూది దించింది. "రెండ్రోజులు నడుము, ఎముకలు గుంజుతయి. పారాసిటమాల్ ఏసుకునే ముందు జ్వరం చూసుకో. గోలీతోని జ్వరం దాగుతది."

రెండో కీమోకు రెండు రోజుల ముందు రక్త పరీక్ష కావాలి. తెల్లకణాలు లేవకపోతే ఆ వారం మందు ఇవ్వరు. శాంపిల్ ఇక్కడే ఇస్తే జగిత్యాలలోని డయాగ్నస్టిక్ హబ్‌కు పోతుంది, రిపోర్ట్ ఫోనుకు వస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు రమ్మంది సిస్టర్, బండి ఆ తర్వాత ఆగదు.

చిన్నమ్మ కుర్చీలోంచి లేవలేదు. "నాలుగైనంక ఇంకో రకం మందు ఎక్కిస్తమన్నరు. దానికి గూడ ఈ సూది ఉంటదా?"

"అది అప్పటి డాక్టర్ చెప్తడు వదినా."

"సరే. ఇప్పటికైతే రెండోదాని తారీఖు రాసుకో. ఆ రోజు నువ్వు సెలవు పెట్టకు."